పదకొండు అంగలు

మనిషన్నాక అలగకుండా ఉండడు. కానీ అలగడానికో పద్ధతుంది. గోడవైపు తిరిగి పడుకోవచ్చు, కంచం పక్కకు నెట్టొచ్చు, మహా అయితే మంచం వాకిట్లోకి లాక్కోవచ్చు. సక్రి మామ చత్రుకు ఈ ఏర్పాట్లేవీ ఆనలేదు. ఆయన తండా దాటి సొంత చెల్క చేను నడుమకు పోయి, గ్యాస్ కంపెనీవాళ్ళు పైపు కోసం సున్నంతో గీసిన గీత మీద తువ్వాల పరుచుకుని, దాని మీద కూర్చుని అలిగాడు. ఇవ్వాళ్టికి మూడో రోజు.

అలిగినవాడికి ఆకలుండదు, సరే. ఇంట్లో కోడలికి మాత్రం వంట తప్పదు, పైగా మోత అదనం. పొద్దున రెండు జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు, చెంబెడు మజ్జిగ కట్టి పంపాలి. ఒంటరిగా అలగడం బాగుండదనుకున్నాడో ఏమో, పెద్దమనిషి ఎర్రెద్దును కూడా వెంట తోలుకుపోయాడు. మూడు రోజుల్లో ఆ ఇంట్లో ఒళ్ళు చేసింది అదొక్కటే.

అలకలు కొత్త గానీ మొండితనం పాతదే. తండా మొత్తం ట్రాక్టర్లతో దున్నించుకుంటుంటే ఈయన మాత్రం ఎద్దులు కట్టేవాడు. ట్రాక్టర్ చక్రం చెల్కలో పెట్టనిచ్చేవాడు కాదు. పోనీ ఆ దున్నుడైనా తిన్నగా ఉంటుందా? నడుమకు రాగానే నాగలి పైకెత్తి, నాలుగడుగులు ఎద్దుల్ని ఉత్తగా నడిపించి, మళ్ళీ దించేవాడు. అక్కడ బండ ఉందనేవాడు. ఆ బండను ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"యాడీ, ఇవ్వాళ గూడ ఎర్రోడే తిన్నడు." కల్యాణి ఖాళీ గుడ్డ తెచ్చి పొయ్యి ముందున్న తల్లి పక్కన పడేసింది. "మజ్జిగ గూడ వాడే తాగిండు. తాత చెంబు వంచి పట్టిండు."

"నువ్వేం జేస్తున్నవ్ అక్కడ? చూసుకుంట నిలబడ్డవా?"

"మరి ఎద్దును గుంజాల్నా, తాతను గుంజాల్నా?"

కల్యాణి మానుకోటలో ఇంటర్ చదువుతోంది. సమ్మె మొదలై నెల దాటింది. కాలేజీ లేదు, బస్సు లేదు. తెలంగాణ వచ్చేదాకా ఏదీ కదలదని తీర్మానం. వాకిట్లో మంచం మీద పడుకున్న కల్యాణి తండ్రి పూల్‌సింగ్ కూడా ఆ తీర్మానంలో భాగమే. అతను భూపాలపల్లి బొగ్గు బావుల్లో కాంట్రాక్టు కూలి. బొగ్గు ఆగింది కనుక ఇంటికొచ్చాడు. వచ్చినప్పటి నుంచి మంచం ఆగలేదు, కిర్రుమంటూనే ఉంది.

"నువ్వన్న పోయి చెప్పరాదు మీ నాయినకు?" అంది సక్రి.

"నిన్న పోయిన గద. ఏమన్నడో చెప్పిన గద."

"మళ్ళ చెప్పు."

"'ఈడ వద్దు, ఆడ వద్దు, ఏడ వద్దు.' గంతే. ఇంకో మాట లేదు." పూల్‌సింగ్ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరిగాడు. "నువ్వే పోయి అడుగు. నీతోనన్న చెప్తడేమో."

అది అయ్యే పని కాదని ముగ్గురికీ తెలుసు.

ఆ ఇంట్లో కోడలు మామతో ఎదురుగా మాట్లాడదు. మామ కోడలి పేరు పలకడు. టీవీలొచ్చాక తండాలో చాలా ఇళ్ళల్లో ఈ పాత మర్యాద జారిపోయింది. ఈ ఇంట్లో మాత్రం కొంగు నొసటి మీంచి జరగలేదు. అత్త ఉన్నన్నాళ్ళూ మాటలు అత్త మీదుగా నడిచాయి. ఆమె పోయాక కల్యాణి మీదుగా. కల్యాణి లేనప్పుడు దూలం మీదుగా, గోడ మీదుగా, గొడ్ల మీదుగా. 'మబ్బు పట్టింది, వాకిట్ల మిరపకాయలు ఎవరన్న ఎత్తితే బాగుండు' అని సక్రి దూలంతో అనేది. చత్రు లేచి ఎత్తేవాడు. 'ఉప్పు తక్కువైంది' అని చత్రు చెంబుతో అనేవాడు. సక్రి ఉప్పు తెచ్చి పక్కన పెట్టేది. ఇరవై ఏళ్ళ కాపురంలో వాళ్ళిద్దరి మధ్య ఒక్క నిజం గానీ ఒక్క అబద్ధం గానీ నేరుగా నడవలేదు.

"నేను పోయి ఏం అడగను?" అంది సక్రి, ఆరిన పొయ్యిలోకి చూస్తూ. "నా నోరు ఎన్నడు లేసింది ఆయన ముందట?"

బయట బండి ఆగింది. నరేందర్ వచ్చాడు. తండాలో డిగ్రీ దాకా చదివింది అతనొక్కడే. ఉద్యమం నడిపే జేఏసీకి మండల కన్వీనరు. నినాదాలిచ్చి ఇచ్చి సమ్మె మొదటి వారానికే గొంతు పోయింది. అప్పట్నుంచీ గుసగుసలతోనే నాయకత్వం చేస్తున్నాడు.

"అన్నా, జగపతి సేటు ఫోన్ జేసిండు," అన్నాడు, రహస్యం చెప్తున్నట్టు. అతనిప్పుడు ఏం చెప్పినా రహస్యంలాగే వినబడుతుంది. "మూడు గంటలకు మిషిని దిగుతదట, మీ చెల్కల."

జగపతికి మరిపెడలో ఎరువుల కొట్టుంది. ఈ చుట్టుపక్కల పైపులైను తవ్వకం పని కంపెనీ ఆయనకు అప్పజెప్పింది.

పూల్‌సింగ్ లేచి కూర్చున్నాడు. "సమ్మె ఉండంగ మిషినెట్ల వస్తది?"

"సమ్మె సర్కారోళ్ళది. మిషిని సేటుది."

"పోయి తహసీల్‌ల కాయితం పెడదాం. ముసలాయన పానం మీదికొచ్చిందని రాద్దాం."

"తహసీల్ ఆఫీసుకు తాళమున్నది."

"ఎవడేసిండు?"

నరేందర్ నేల చూశాడు. "నేనే. మొదటి దినం. తాళంచెవి నా జేబులనే ఉన్నది. కానీ తెరిస్తే లోపల ఎవరుంటరు? ఆఫీసరు, గుమాస్తా అందరు ఎదురుంగ టెంటుల కూసున్నరు, నా పక్కపొంటి."

కల్యాణికి నవ్వొచ్చింది, కానీ తల్లి ముఖం చూసి మింగింది.

"ఇంకోటున్నదొదినా." నరేందర్ సక్రి వైపు తిరిగాడు. గొంతు ఇంకా తగ్గింది. "మూడు గంటల వరకు చత్రు కాక లేస్తే సున్నం గీత మీదికెల్లి తవ్వుతరట. లేవకుంటే మిషినిని మర్లిచ్చి పాత గీత మీదికి తోలుతరట. గట్టెంబడి."

సక్రి చేతిలో పొయ్యి ఊదే గొట్టముంది. అది అట్లాగే చేతిలో ఉండిపోయింది.

"గట్టెంబడి ఎట్ల తోలుతరు? ఇంజనీరు సారు గీత జరిపిండు గద. నా ముందట్నే సున్నం పోసిండు."

"పాత గీతకు నోటీసులున్నయి, నక్ష పటం ఉన్నది. కొత్తది సారు నోటిమాట మీద జరిపిండు. నీ మొఖం జూసి. కొట్లాట, పంచాది లేనప్పుడు నోటిమాట నడుస్తది. పంచాదైతే ఎవడన్న కాయితమే పట్టుకుంటడు, వదినా."

గట్టు మీద ఒక రాయి ఉంది. మోకాలెత్తు నల్లరాయి. దాని కింద జమ్లి ఉంది. సక్రి పెద్ద బిడ్డ. పోయేనాటికి రెండేళ్ళు.

*

ఎండాకాలంలో తండా అంతా ఒక్క మాట మీద ఉంది. ఎక్కడో సముద్రం కాడ పుట్టిన గ్యాసు ఎక్కడో ఉత్తరాదికి పోవడానికి వీళ్ళ చెల్కలే దొరికాయి. భూమి నీదే ఉంటుందన్నారు. దాంట్లో చెట్టు పెట్టొద్దు, బావి తవ్వొద్దు, గుడిసె వేయొద్దు, మిగతాదంతా నీదే. "మిగిలింది ఏందయ్యా, నిలబడి చూసుడా?" అని సక్రి ఆ రోజు సభలో అడిగితే కంపెనీ మనిషి కాయితాలు సర్దుకున్నాడు. "మేము పత్తికట్టె పొగల కండ్లు నలుపుకుంట వండాలె. మా కాళ్ళ కిందికెల్లి గ్యాసు పోతదా? ఒక్క పొయ్యి ముట్టిచ్చేటంత ఇడిసిపెట్టరాదు, పోయేటప్పుడు?"

ఆడవాళ్ళంతా కలిసి సర్వే రాళ్ళు పీకి పాడుబడ్డ బావిలో పడేశారు. రెండు నెలలు ఎవ్వరూ సంతకం పెట్టలేదు. తర్వాత ఒక్కో ఇంటికి ఒక్కో కారణం పుట్టింది. ఒకరింట్లో పెళ్ళి, ఒకరింట్లో ఆపరేషను, ఒకరింట్లో అన్నదమ్ముల పంపకం. తండా ఒక్క మాట మీది నుంచి ఒక్కో అడుగే దిగింది.

చివరికి సక్రి కూడా దిగింది. ఒకే ఒక్కటి అడిగింది. మీ గీత గట్టెంబడి ఉన్నది, నా బిడ్డ గట్టు మీద ఉన్నది, గీత జరపండి. ఇంజనీరు వినలేదు. ఆమె మళ్ళీ పోయింది. మరిపెడకు పోయింది, మానుకోటకు పోయింది, పైపులు దించేచోట ఎండలో నిలబడింది. మూడు నెలలు. ఆఖరికి ఆ ఇంజనీరు విసిగిపోయాడో, ఇంట్లో ఆయనకూ చిన్నపిల్ల ఉందో, "ఎంత జరపాలమ్మా?" అన్నాడు.

ఆయన టేపు తీసేలోపే సక్రి రాయి దగ్గర్నుంచి లోపలికి అంగలేసింది. పెద్ద పెద్ద అంగలు. ఒకటి, రెండు... పదకొండు. మిషిని చక్రం కూడా రాయికి తగలొద్దని ఆమె లెక్క. పదకొండో అంగ దగ్గర మడమతో గుంత చేసింది. అక్కడి నుంచే సున్నం పోశారు.

ఆ రోజు చత్రు బావి ఒర దగ్గర నిలబడి అంతా చూశాడు. ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం ఎద్దులకు నీళ్ళు పెట్టడం మరిచిపోయాడు. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. అందరూ సంతోషంగా ఉన్నారు.

*

"కల్యాణీ, పో. తాతకు గిట్లని చెప్పు. మూడు గంటలని చెప్పు."

"నేను పోను."

"ఏంది?"

"నేను మోయ, యాడీ." కల్యాణి గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకుంది. "రొట్టెలు మోస్త. బువ్వ మోస్త. మాటలు మోయ. చిన్నప్పటి సంది మోస్తున్న. నువ్వు చెప్పింది ఆయనకు, ఆయన చెప్పింది నీకు. కోపంగ చెప్తే నేను జర మెత్తగ జేసి చెప్పాలె. ఇయ్యాల నేను మెత్తగ ఎట్ల చెప్పాలె? 'తాతా, నువ్వు లేవకుంటే అక్క బొక్కలు మన్నులకెల్లి లేస్తయి' అని చెప్పాల్నా? నా నోటికెల్లి రాదు."

సక్రి భర్త వైపు చూసింది. పూల్‌సింగ్ చెప్పులు వెతుకుతున్నాడు. అతను మూడు రోజులుగా చెప్పులు వెతుకుతూనే ఉన్నాడు.

"మీరు సేటుకు అడ్డం పోండ్రి. కాళ్ళు పట్టుకుంటరో, చెయ్యి పట్టుకుంటరో, జర ఆపుండ్రి," అంది సక్రి. మిగిలిన రొట్టెలు గుడ్డలో మూటగట్టింది. కొంగు ముందుకు లాక్కుంది. "నేను పోత."

*

దారి పొడుగునా పైపులు పరిచి ఉన్నాయి. ఒక్కోదాంట్లో మనిషి దూరి కూర్చోవచ్చు. ఇంకా గ్యాసు రాలేదు కనుక మేకలు దూరి కూర్చున్నాయి. ఎండ పూట వాటికి ఇంత మంచి నీడ తండాలో ఎక్కడా లేదు. ఈ పైపులైను వల్ల ఇప్పటికి లాభం చూసింది ఆ మేకలే.

గట్టు మీద రాయి దగ్గర సక్రి ఆగింది. బతుకమ్మ నాడు పెట్టిన తంగేడు పూలు ఎండి రాలిపోయాయి. పసుపు మాత్రం ఇంకా అంటుకుని ఉంది. వంగి చెంగుతో దుమ్ము తుడిచింది. పదిహేడేళ్ళుగా అదే తుడుపు.

జమ్లికి జ్వరమొచ్చిన రోజు మానుకోట దవాఖానకు బస్సు రాలేదు. ఇంకో బస్సు వచ్చేసరికి అవసరం తీరిపోయింది. పెళ్ళికాని పిల్లను నిప్పుకు ఇవ్వరు, మట్టికే ఇస్తారు. ఆడవాళ్ళు వెంట పోరు. చత్రు, ఆయన తమ్ముడు, ఇద్దరే తీసుకుపోయారు. ఆ తమ్ముడూ ఇప్పుడు లేడు. పూల్‌సింగ్ బొంబాయి దిక్కు కూలికి పోయి ఉన్నాడు; ఉత్తరం అందేసరికి నెల దాటింది. కల్యాణి కడుపులో ఎనిమిదో నెల. సక్రి గుడిసెలో కూర్చుని వాకిట్లోంచి ఆ నాలుగు కాళ్ళ చప్పుడు దూరమవడం వింది. తెల్లారి తల్లి వచ్చి చిల్పూరు దగ్గర పుట్టింటికి తీసుకుపోయింది.

ఐదు నెలలకు చంటిపిల్లతో తిరిగొచ్చిన సాయంత్రం అత్తనడిగింది. "నా బిడ్డను ఏడ పెట్టిండ్రో అడుగు." అత్త లోపలికి పోయి అడిగింది. జవాబు ఆ సాయంత్రం రాలేదు. తెల్లవారి అత్త చెయ్యి పట్టుకుని తెచ్చి ఈ రాయి చూపించింది.

సక్రి రాయిని ఇంకోసారి తడిమి, లోపలికి నడిచింది.

చత్రు తువ్వాల మీద బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. ఎర్రెద్దు పక్కన పడుకుని నెమరేస్తోంది. సక్రి పదడుగుల దూరంలో పక్కకు తిరిగి కూర్చుంది. కొంగు గడ్డం దాకా ఉంది. మూటను ఎద్దు వైపు జరిపింది.

"ఎర్రోడా, మీ పెద్దమనిషికి బువ్వ తెచ్చిన. ఈసారి నువ్వు తినకు."

ఎద్దు మూటను వాసన చూసింది.

"ఎర్రోడా," అన్నాడు చత్రు. మూడు రోజుల పస్తుతో గొంతు చిలికిన మజ్జిగలా పల్చబడింది. "ఆకలి లేదని చెప్పు."

"ఆకలి సంగతి తర్వాత. మూడు గంటలకు మిషిని వస్తదట. ఆయన లేస్తే గీ గీత మీదికెల్లి పోతదట. లేవకుంటే గట్టు మీదికెల్లి. గట్టు మీద ఏమున్నదో ఆయనకు ఎరుకనే."

ఎద్దు చెవి విదిల్చింది.

"జర లెవ్వుమను. గంతే. ఎద్దును పట్టుకుని ఇంటికి రమ్మను."

"గట్టు తవ్వితే తవ్వనియ్యిమను."

సక్రి తాను విన్నది నమ్మలేదు. "ఏమన్నడురా?"

"గట్టు తవ్వుకోనియ్యి అంటున్న. ఈడ మాత్రం వద్దు."

సక్రికి లోపల ఏదో తెగింది. ఇరవై ఏళ్ళు దూలాలకూ గోడలకూ మెల్లగా చెప్పుకున్న గొంతు ఒక్కసారి పైకి లేచింది.

"ఇన్నవా ఎర్రోడా! ఇన్నవా ఆయన మాట! పిల్ల ఆయన భుజాల మీద పెరగలేదా? ఆయన మీసం పట్టుకుని గుంజలేదా? ఆయనకు చెల్క నడుమ నాలుగు పత్తిచెట్లు ముద్దు. నా బిడ్డ బొక్కలు పోతే పోనీ! మూడు నెలలు ఆ సారు ఎనుక కుక్క లెక్క తిరిగిన నేను. ఇంట్ల ముసలి మొగోడుండంగ ఆడిదాన్ని నేను తిరిగిన. ఒక్కనాడు నా దిక్కు ఒక్క మాట రాలేదు ఆ నోట్లెకెల్లి. గీత జరిగిననాడు గూడ రాలేదు. ఇయ్యాల వచ్చిందా మాట? గట్టు తవ్వుకోనియ్యి అని వచ్చిందా?"

ఎద్దు నెమరు ఆపింది. పాపం, దాన్ని ఇంతగా ఎవరూ తిట్టలేదు.

చత్రు రెండు చేతులూ తువ్వాల మీద ఆనించాడు. తల వంచి, ఎద్దు మెడ వైపు చూస్తూ మొదలుపెట్టాడు. చిన్నపిల్లకు కథ చెప్తున్నట్టు.

"ఎర్రోడా, నీకు తెల్వదురా. నువ్వప్పటికి పుట్టలే. ఆ యేడు మరిపెడకు ట్రాక్టర్లు కొత్తగ వచ్చినయి. తండల ఎవరికంటె ముందుగాల నేనే దున్నిస్తనని మాట ఇచ్చిన. ఇంత ఎచ్చులు నాకు. గంతల్నే పిల్ల పాయె. నేను, మా తమ్ముడు తెచ్చి మెత్తటి మన్నుల పెట్టినం. కుక్కలు రావద్దని మీద ముండ్లకంప కప్పిన. పొద్దుగాల మంచి రాయి తెచ్చి పెడుదమనుకున్న. ఇత్తనాలకు మరిపెడ పోయిన."

సక్రి కొంగు అంచు పట్టుకుని కదలకుండా ఉంది.

"ట్రాక్టరోడు తెల్లారి రావాలె. ఒక దినం ముందుగాల వచ్చిండు. నేను లేను. ఎవనికి తెల్సు? చెల్కల ముండ్లకంప అడ్డమున్నదని గుంజి అవతల పారేసి, దున్నిండు. నేనొచ్చేవరకు మొత్తం ఒక్కతీరుగున్నది. పొద్దుగూకే దాక తిరిగిన. ఏడ పెట్టిన్నో నాకే తెల్వలే."

"ఏడ..." సక్రి పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు.

"నాలుగు దినాలకు పెద్దవాన పడ్డది. వానకు ఒక్క తాన మన్ను కుంగింది. పిల్లల ఊపే తొట్టెలంత. గప్పుడు తెల్సింది గీడ అని. ఇత్తనం అప్పటికే పడ్డది. ఎవలకని చెప్పాలె? ఐదు నెలలకు పిల్లతల్లి వచ్చి అడిగిచ్చింది. పత్తి నడుమెత్తు ఉన్నది. నీ బిడ్డ మీద ట్రాక్టర్ నడిపిచ్చిన, పత్తి పెట్టిన అని చెప్పాల్నారా? తెల్లారంగ వాగుకాడికి పోయి రాయి తెచ్చి గట్టు మీద పెట్టిన. ఆమె కూసుండి ఏడ్చెతందుకు ఒక జాగ ఉండాలె గదరా."

గాలికి పత్తి ఆకులు గలగలమన్నాయి. సక్రి సున్నం గీత వైపు చూసింది. గీత మీంచి చూపు గట్టు దాకా పోయింది, మళ్ళీ రాయి దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. ఒకటి. రెండు. ఎవరూ చెప్పమనకుండానే లోపల అంగలు లెక్కపడుతున్నాయి. తొమ్మిది. పది. పదకొండో అంగ దగ్గర మామ తువ్వాల పరిచి ఉంది.

నాగలి ఎత్తే చోటు. బండ ఉందనే చోటు.

దూరంగా మిషిని చప్పుడు వినిపించింది. తంగేడు పొదల వెనక నుంచి దాని పచ్చటి చెయ్యి ముందు కనబడింది, తర్వాత మిగతాది. గట్టు మీదికి మోటారుసైకిళ్ళు వచ్చి ఆగాయి. జగపతి దిగాడు. వెనకే పూల్‌సింగ్, నరేందర్, కల్యాణి. పూల్‌సింగ్ చెప్పుల్లేకుండానే వచ్చాడు.

"చత్రూ!" జగపతి చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పిలిచాడు. "గట్టిగ జెప్పు! లేస్తున్నవా, మిషినిని గట్టుకు మర్లియ్యమంటవా?"

సక్రి కొంగు వెనక్కి తీసేసింది.

ఇరవై ఏళ్ళలో మామ ముఖం ఆమె ఎప్పుడూ తిన్నగా చూడలేదు. ఎడమ కనుబొమ మీద పాత గాటు ఒకటుంది. అదుందని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. ఆ కళ్ళు ఇంత చిన్నవనీ తెలియదు.

"ఏడ?" అంది. ఎద్దుతో కాదు.

చత్రు ఉలిక్కిపడ్డాడు. తర్వాత చేతులు నేలకు ఆనించి, మూడు రోజుల్లో మొదటిసారి, మెల్లగా లేచాడు. వంగి తువ్వాల తీశాడు. దాని కింద సున్నం లేదు. గీతను ఒక పిల్ల పడుకునేంత మేర అరచేతులతో తుడిచేశాడు. మన్ను నున్నగా ఉంది.

"ఈడ, సక్రీ," అన్నాడు.

మిషిని చప్పుడుకు గట్టు మీదివాళ్ళకు మాటలు వినబడలేదు. ముసలాయన లేవడం మాత్రం కనబడింది. జగపతి ముఖం తేటపడింది. "లేచిండు, లేచిండు! తోలు!" అని మిషిని డ్రైవరుకు చెయ్యి ఊపాడు. మిషిని గురగురమని తిరిగి గట్టు దిగింది. సక్రి అడిగి వేయించిన గీతను పట్టుకుని తిన్నగా వస్తోంది.

సక్రి ఆ నున్నటి మన్ను మీద మోకాళ్ళ మీద కూలబడింది. రెండు అరచేతులూ ఆనించింది. పదిహేడేళ్ళు వాగులోని రాయికి పసుపు పెట్టిన చేతులు అవి.

చత్రు మిషినికి ఎదురుగా తిరిగాడు. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. అయినా ఆ కేక మిషిని చప్పుడు దాటి గట్టు దాకా, కొడుకు దాకా, మనుమరాలి దాకా పోయింది.

"ఆపుండ్రి! గట్టు మీది రాయి అబద్ధం! దాని కింద ఎవ్వరు లేరు! పిల్ల ఈడున్నది! నా కోడలు అంగలేసిననాడు నాకెరుక, ఎరుకై గూడ నోరు తెరువలే! తప్పు ఆమెది కాదు, ఇంజనీరుది కాదు! నాది! తప్పు నేను జేసిన!"